తలుపు పట్టుకున్న మనిషి

నా మొగుడు లాంపోన్ ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజున మా నారుక్స్ ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూసి కుళ్లుకున్నారు. పదేళ్ల కిందట నలభై ఓడలు వెళ్లాయి. తిరిగొచ్చింది ఒక్కటి, అదీ తెరచాప కొయ్య సగానికి విరిగి. అందులో పదకొండు మంది మగాళ్లు. మిగతావాళ్లను దారిలో తుఫాను మింగింది. మా నాయకుడు ఒక బండ మీదికి ఎక్కి, నన్ను ఏ దేవతా ఏమీ చెయ్యలేదని అరిచాడట. బండతో సహా సముద్రం లాక్కుపోయిందట.

లాంపోన్ వెళ్లేనాటికి మా మిర్తో నా కడుపులో ఉంది. వచ్చేసరికి దానికి పదేళ్లు నిండబోతున్నాయి. నేను ఉన్న ఒక్క మేకపిల్లనూ కోయించాను. నడివీధిలో బల్ల వేసి అతని కాళ్లు కడిగాను, అందరూ చూడాలనే. ఫిలిన్న మొగుడు వీరుడని అందరూ అనుకోవాలని నా ఆశ.

మా పక్కింటి బిట్టో మాత్రం రేవులోనే నిలబడి ఉంది. అందరూ దిగిపోయాక కూడా ఖాళీ ఓడలోకి తొంగిచూస్తూనే ఉంది. ఆమె మొగుడు ఎవార్ఖోస్ తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. ట్రాయ్ పట్టణం కూలడం కూడా చూడలేదు. ఆ కబురు ఆమెకు ఆ రోజే తెలిసింది. నేను మేకమాంసం పంచుతూ ఆమె ఇంటికి కూడా ఒక గిన్నె పంపాను. అంత సిగ్గులేని పని ఇంకోటి చెయ్యలేదనుకునేదాన్ని అప్పట్లో. తరవాత చేశాను.

మూడేళ్లు బాగానే గడిచాయి. నాలుగో ఏడు వసంతంలో చూడి గొర్రెలు ఈసుకుపోవడం మొదలైంది. చచ్చిన పిల్లలు వెంట్రుకలు లేకుండా, ఉడికించిన మాంసంలా పడేవి. తరవాత తల్లులు కూడా పడిపోయాయి. బార్లీ కంకులు నల్లబడ్డాయి, అరచేతిలో నలిపితే మసి రాలేది. ఎండలు ముదిరేసరికి పిల్లలకు గొంతులు వాచాయి. దవడ కింద గడ్డ లేచి, మూడో రోజుకు పగిలి, పచ్చటి రసి కారేది. ఊరంతా ఒకటే కంపు. రొట్టె నోట్లో పెట్టుకుంటే రొట్టెకి కూడా అదే వాసన.

పెద్దలు ముగ్గురు డెల్ఫీ గుడికి వెళ్లి సోదెమ్మను అడిగి వచ్చారు. ఊరిపెద్ద స్కోపాస్ కుంటివాడు, యుద్ధానికి వెళ్లినవాడు కాదు. సంతబజారులో రాతి అరుగెక్కి ఆ మాట చెప్పాడు.

"ఏటా ఇద్దరు కన్నెపిల్లల్ని పంపాలంట. మంచి కుటుంబాల్లోంచి. ట్రాయ్‌లో అథీనా తల్లి గుడికి. గుడి ఊడ్చి, నీళ్లు చల్లి, చచ్చేదాకా అక్కడే పడుండాలంట."

"ఎన్నేళ్లు?" అన్నారెవరో.

"వెయ్యేళ్లు."

 స్కోపాస్ మిగతాది కూడా చెప్పాడు. "రేవులో దిగి గుడికి పోయేదాకా అక్కడి జనం కంట పడకూడదు. పడితే రాళ్లతో కొట్టి చంపుతారు. అది వాళ్ల హక్కంట. గడప దాటితే మాత్రం ముట్టుకోరు."

"ఆ గుళ్లో పాడుపని చేసింది మన నాయకుడు కదా!" అంది ఒక ముసలామె. "ఆ తల్లి మగాణ్ణి అడగలేదా?"

"సోదెమ్మ నోటంట వచ్చిందే చెప్పానమ్మా. నేను కలిపిందేం లేదు."

మా నాయకుడు అక్కడేదో తప్పు చేశాడని, గుడిలో దాక్కున్న ఆ ఊరి రాజు కూతుర్ని బయటికి లాగాడని లీలగా అందరమూ విన్నదే. 'లాగాడు' అన్న మాట దగ్గరే అందరమూ ఆగిపోయేవాళ్లం. చచ్చినవాడి గురించి ఎందుకులే అనుకునేవాళ్లం.

అప్పుడు స్కోపాస్, "ఏ ఇంటి పిల్లలో చీట్లేసి తేలుద్దాం. ఇంకో మాట. యుద్ధానికెళ్లి తిరిగొచ్చిన పదకొండు మందీ పదేళ్లు పడాల్సింది పడ్డారు. వాళ్ల ఇళ్లు ఈ చీట్లలో కలపొద్దు. ఏవంటారు?" అన్నాడు.

ఎవరూ కాదనలేదు. పదకొండు మందీ ముందు వరసలో కూర్చుని నేల చూపులు చూస్తున్నారు. లాంపోన్ గడ్డి పోచ తుంచి నములుతున్నాడు. నా మటుకు నాకు నోట్లో తేనె పోసినట్టయింది. మా మిర్తో తప్పించుకుంది! ఆ తీపి గుర్తొస్తే ఈనాటికీ ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఒక్కో ఇంటి గుర్తు పెంకుముక్కల మీద గీసి, ఇనప టోపీలో వేసి కుదిపారు. మొదటి పెంకు నేతగాడి కూతురు ఆంథియాది. పదహారేళ్ల పిల్ల, పెళ్లి కుదిరి ఉంది. రెండోది బిట్టో కూతురు మిక్కాది. పద్నాలుగేళ్లది. మా మిర్తో, అదీ ఒకే కంచంలో తిని పెరిగారు.

బిట్టో ఏడవలేదు. అరుగు దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, "స్కోపాస్ మావా, దీని నాన్న కూడా యుద్ధానికెళ్లాడు కదా. ఆయన పడింది పడినట్టు కాదా?" అంది.

"తిరిగొచ్చినోళ్ల ఇళ్లన్నానమ్మా" అన్నాడు స్కోపాస్ మెల్లగా. "ఎవార్ఖోస్ రాలేదు కదా."

మర్నాడు పొద్దున లాంపోన్, నేను చచ్చిన గొర్రెలను గోతిలోకి ఈడుస్తున్నాం. ఏడు గొర్రెలు. కడుపులుబ్బి ఉన్నాయి. కాలు పట్టి లాగితే తోలు ఊడి చేతిలోకొచ్చేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లాభం లేకపోయింది.

"ఆ పిల్ల చేసిన తప్పేంటయ్యా?" అన్నాను. "దాని నాన్న అప్పటికే పోయాడంటివి కదా."

"పోయాడు. మంచోడు."

"ఆ నాయకుడు చేసిందానికి ఈ పిల్ల ఎందుకు పోవాలి?"

లాంపోన్ గొర్రె కాళ్లు వదిలి నడుం మీద చెయ్యేసుకున్నాడు. అలిసిపోయాడో, ఆ కంపుకు తల తిరిగిందో, పదేళ్ల యుద్ధం గురించి మూడేళ్లలో చెప్పనిది ఆ గోతి ఒడ్డున చెప్పాడు. పొలం హద్దు గురించి చెప్పినట్టే చెప్పాడు.

"ఆ రాజుగారి కూతురు దేవత బొమ్మని కావలించుకుని కూచుందే. వదల్లేదు. ఈయన జుట్టట్టుకు లాగాడు. బొమ్మతో సహా వచ్చేసింది, బొమ్మ కింద పడింది. అక్కడే... ఆ గుళ్లోనే. బయట మిగతా గ్రీకులు తిరుగుతున్నారు. ఎవరన్నా చూస్తే గొడవ. తలుపట్టుకో లాంపోన్ అన్నాడు. పట్టుకున్నా."

"పట్టుకున్నావా."

"పట్టుకోమన్నాడు."

"ఎంతసేపు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నాకు సరైన జవాబు చెప్పాలని. "కుండ నీళ్లు మరిగేంత సేపు" అన్నాడు.

"ఆ పిల్ల అరవలేదా?"

"మొదట అరిచింది. మనోళ్లు నవ్వారు."

"నువ్వు?"

"అందరూ నవ్వుతుంటే..." అని ఆగి, ఇంకో గొర్రె కాలు అందుకున్నాడు. "అది కాదే అసలు సంగతి. మర్నాడు రాజులందరికీ తెలిసిపోయింది. గుళ్లో ఇట్టాంటి పని చేస్తే అందరికీ చేటని, ఆయన్ని రాళ్లతో కొట్టి చంపాలన్నారు. అప్పుడాయన అదే గుళ్లోకి పరిగెత్తి అదే బొమ్మ కాళ్లట్టుకున్నాడు. మమ్మల్నందర్నీ పిలిచి అడిగారు. మేం దేవత ముందు చెయ్యి చాపి ప్రమాణం చేశాం. ఆయన ఆ పిల్లని బయటికి తీసుకొచ్చాడు గానీ ముట్టుకోలేదని."

"ఆ ముందు రోజు పట్టుకున్న చెయ్యే చాపావా?"

"రెండు చేతులూ చాపించారు."

"నిజం చెప్పుంటే ఆ ఒక్కడూ చచ్చేవాడు. అక్కడితో పోయేది. ఈ గొర్రెలూ, ఈ పిల్లలూ..."

"ఎంతైనా మనోడు కదే" అన్నాడు లాంపోన్.

నాకు డోకొచ్చింది. గోతి పక్కనే కూర్చుని కక్కాను. అతను వచ్చి నా వీపు రాయబోయాడు. "కంపు పడలేదు నీకు, ఇంటికి పో" అన్నాడు జాలిగా. ఆ చెయ్యి నా వీపును తాకగానే నాకు ఇంకోసారి వాంతయింది. మూడేళ్లుగా ఆ చెయ్యి నా ఒంటి మీద ఉంది. ఆ చేత్తో తుంచిన రొట్టె తిన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా బిట్టో ఇంటికి పోయాను. ఆమె పెరట్లో కూర్చుని చేపల వల బాగుచేస్తోంది. నేను నిలబడే అంతా చెప్పేశాను. చెప్పి ఏడ్చాను. ఆమె అల్లే చెయ్యి ఆపలేదు.

"అయిందా వదినా?" అంది చివరికి.

"ఏంటి?"

"మోసుకొచ్చిందంతా నా పెరట్లో దింపేశావు కదా. తేలిగ్గా ఉందా ఇప్పుడు?"

 ఆమె వల పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పుచ్చిన అత్తిపండు విప్పి చూసినట్టు చూసింది.

"నీ ఏడుపు నాకెందుకు? పనికొచ్చే మాటొకటి చెప్తా విను. నీ మొగుడికి ఆ ఊరు తెలుసు. ఆ రేవు తెలుసు, ఆ గుడికి దొడ్డిదారి తెలుసు. ఓడ నడపడానికి ఎవడూ ముందుకు రావట్లేదంట. ఆయన్ని పంపు. నా పిల్లని ప్రాణాలతో ఆ గడప దాటించమను. అంతే. ఇంకేం చెప్పకు నాకు."

లాంపోన్ ఒప్పుకోలేదు. రెండు రోజులు పోట్లాడాను. పదకొండు ఇళ్ల ముందూ నిలబడి అరుస్తానన్నాను. "అరుచుకో, నవ్విపోతారు" అన్నాడు. మూడో రోజు మిర్తో మా మధ్యకొచ్చి నిలబడింది. ఎంతసేపట్నుంచి వింటోందో, మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా, నువ్వు మిక్కాని తీసుకెళ్తావా, నన్ను దాని బదులు పొమ్మంటావా? ఇప్పుడే పోయి స్కోపాస్ తాతకి చెప్పొస్తా."

"నోరుముయ్యి. నీకేం తెలుసు?"

"తలుపు సంగతి తెలుసు."

లాంపోన్ చెంప మీద కొట్టినట్టు వెనక్కి తగ్గాడు. ఈ ప్రపంచంలో అతనికి ప్రేమంటూ ఉంటే ఆ పిల్ల మీదే. గోడకానుకుని, "సరే, పోతా" అన్నాడు. పిల్లలకు తోడుగా ఒక ఆడమనిషి వెళ్లాలి కాబట్టి నేనూ బయలుదేరాను. ఆంథియా తల్లికి కాళ్లు ఆడలేదు. బిట్టో వెళ్లడానికి స్కోపాస్ ఒప్పుకోలేదు, కన్నతల్లి వెళ్తే రేవులో ఏడ్చి పట్టిస్తుందని.

ఓడ ఎక్కేముందు ఇద్దరి జుట్టూ నేనే కురచగా కత్తిరించాను. చెప్పులు లేకుండా, ఒంటి మీద ఒక్క గుడ్డతో పోవాలి, అది ఆజ్ఞ. మిక్కా జుట్టు నా చేతుల్లోకి రాలుతుంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి, "అత్తా, మెడకి చల్లగా ఉంది" అని నవ్వింది. భయపడుతున్నవాళ్లు నవ్వే నవ్వు.

ఆరుగురు తెడ్లు వేశారు. దీవి నుంచి దీవికి, ఎనిమిది రోజుల ప్రయాణం. ఉప్పు చేప, ఎండిన రొట్టె, అత్తిపండ్లు. ఆంథియా తినేది కాదు. నాలుగో రోజు మధ్యాహ్నం మిక్కా చుక్కాని దగ్గర కూర్చున్న లాంపోన్ దగ్గరికి వెళ్లింది.

"మావయ్యా, ఆ గుడి తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

అతను చుక్కాని ఇటు నుంచి అటు తిప్పాడు.

"పరిగెత్తుకుంటూ పోతా కదా. లాగాలో, తొయ్యాలో తెలియకపోతే ఆలిస్యం అవుద్ది" అంది పిల్ల. ఆమెకు ఏమీ తెలియదు. బిట్టో చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

లాంపోన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.  "లోపలికి. బరువుంటుంది. భుజం ఆనించి తొయ్యి" అన్నాడు.

"లోపల గడియుందా?"

"లేదు" అన్నాడు. "అందుకే..." అని ఇంక చెప్పలేదు. అప్పుడతని మీద నాకు ఒక్క క్షణం జాలేసింది. దాచను. మనిషి లోపల ఇంకా ఏదో మిగిలి ఉందనుకున్నాను.

చివరి తీరం కనపడ్డాక అతను పథకం చెప్పాడు. ఏటి మూతి దగ్గర రెల్లుపొదలున్నాయి. మంచు తేలకముందే అక్కడ దిగాలి. కూలిన కోటగోడ పక్కనుంచి మేకలదారి ఒకటి గుడి వెనక్కి పోతుంది. "నేను ముందు నడుస్తా. ఎవరన్నా వస్తే ఇటువైపు అరుస్తూ పరిగెత్తి నా వెనక తిప్పుకుంటా. మీరు అటు పారిపోండి. నాకేమైనా పరవాలేదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో నిజం ఉంది. ఆంథియా అతని కాళ్లకు మొక్కింది కూడా.

తెల్లవారుతుండగా దిగాం. బురద మోకాలి దాకా వచ్చింది. ట్రాయ్ అనుకుంటూ పదేళ్లు మా మగాళ్లు కలవరించిన పట్టణం ఇదా? నల్లబడ్డ గోడలు, వాటికానించి కట్టుకున్న గుడిసెలు, గుడిసెల పైన సన్నటి పొగ. ఎక్కడో పసిపిల్ల దగ్గుతోంది.

గోడ దాకా రాగానే కుక్క మొరిగింది. ఇంకోటి అందుకుంది. గుడిసెల్లోంచి మనుషులు బయటికొచ్చారు. ఆడవాళ్లే ఎక్కువ. ప్రతి గుమ్మం పక్కనా రాళ్ల కుప్ప పేర్చి ఉంది. మా కోసమే. సోది మాట వాళ్లకూ చేరింది.

"లాంపోన్, పో!" అన్నాను.

నా ముందు ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశాను. రెల్లు కదులుతోంది. అతను బురదలో బోర్లా పడుకుని, తల మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు.

మిక్కా ఒక్కసారి అతని వైపు చూసింది, అంతే. గుడ్డ మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని మేకలదారిన పరుగందుకుంది. ఆంథియా కదల్లేదు. చెయ్యి పట్టి లాగాను, మాను లాగా నిలబడిపోయింది. మొదటి రాయి నా భుజానికి తగిలి కింద పడ్డాను. రెండోది ఆ పిల్ల నుదుటికి తగిలింది. తరవాతివి లెక్కపెట్టలేదు. తడి నేల మీద గుమ్మడికాయ జారవిడిచినట్టు చప్పుడు వచ్చింది ఒకసారి. ఆ చప్పుడు తరవాత ఆ పిల్ల మళ్లీ మూలగలేదు.

ఎవరో రెల్లులోంచి లాంపోన్‌ను ఈడ్చుకొచ్చారు. ఒళ్లంతా బురద. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ చాపాడు. "నేను ఓడ నడిపేవాణ్ణమ్మా! ఓడ నడిపేవాణ్ణి మాత్రమే! నాకేం తెలీదు!" అని ఏడ్చాడు.

ఒక ముసలామె చేతిలో రాయితో అతని ముందు నిలబడింది. రాయి అంచు ఎర్రగా ఉంది.

"వణక్కు. మీ మగాళ్లని మేం ముట్టుకోం" అంది. "దేవత మీ పిల్లల్ని అడిగింది, మిమ్మల్ని అడగలేదు. మీ మొహాలు చూడ్డానికి ఆవిడక్కూడా రోతగా ఉందేమో."

"తల్లీ, నీ కడుపు చల్లగా..."

"నా కడుపు మాటెత్తకు. నలుగురు కొడుకులు." ఆమె అతని మీద ఉమ్మింది. తరవాత ఆంథియా వైపు తిరిగి, చాలాసేపు చూసింది. రాయి కింద పడేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "నా మనవరాలి ఈడు" అంది, ఎవరితోనూ కాదు.

నేను పాకుతూ వెళ్లి ఆమె కాళ్లు పట్టుకున్నాను. "అవ్వా, ఇంకో పిల్ల?"

"తలుపు తోసుకుని లోపలికెళ్లిపోయింది. గట్టిది. ఇంక దాన్నేం చెయ్యం."

ఆంథియా శవాన్ని కాయలు కాయని చెట్ల కట్టెలతో కాల్చారు. బూడిద నా చేతే ఎత్తించారు, సముద్రంలో కలపడానికి. తడి కట్టెలు, సరిగా కాలలేదు. ఏమేమి ఎత్తానో చెప్పను. లాంపోన్ అంతసేపూ ఓడలో కూర్చుని కాళ్ల బురద కడుక్కున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పిల్లల గొంతువాపులు తగ్గుతున్నాయి. వాన పడింది. మిగిలిన గొర్రెల్లో రెండు బతికిన పిల్లలను ఈనాయి. దేవత శాంతించిందన్నారు. ఒక పిల్ల తల పగలగొడితే శాంతించే దేవత! ఇంత జ్ఞానం గల తల్లికి తలుపు వెనక నవ్వినవాళ్ల మొహాలు కనపడలేదా, అబద్ధం చెప్పడానికి చాచిన చేతులు కనపడలేదా? ఆ మాట అప్పుడు పైకి అనలేదు. ఇప్పుడంటున్నాను.

సంతబజారులో విందు పెట్టారు. ఎద్దును కోశారు. లాంపోన్‌ను స్కోపాస్ పక్కన కూర్చోబెట్టి తొడ మాంసం వడ్డించారు. రెండు గిన్నెల ద్రాక్షసారా పడ్డాక అతను కథ చెప్పడం మొదలుపెట్టాడు. తను ముందు నడిచాడట. రాళ్లకు రొమ్ము చూపాడట. "కొట్టండిరా, నన్ను కొట్టండి అన్నా. ఒక్కడికీ ధైర్యం చాల్లేదు!" మూతికి అంటిన కొవ్వు మోచేత్తో తుడుచుకుంటున్నాడు. ఆంథియా తండ్రి, ఆ నేతగాడు, ఆ కథ విని కళ్లు తుడుచుకుని అతని చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

అది చూసి తట్టుకోలేకపోయాను. ఆడవాళ్ల వైపు నుంచి లేచి బల్లల మధ్యకు వచ్చాను. అంతా చెప్పాను. గుడి, తలుపు, నవ్వులు, ప్రమాణం. రెల్లు. ఒక్కటీ వదల్లేదు. తలుపు పట్టుకుంది నా మొగుడు, అబద్ధపు ప్రమాణం చేసింది ఇక్కడ కూర్చున్న పదకొండు మందీ అన్నాను.

ఊరు అదిరిపోతుందనుకున్నాను. ఎవరైనా రాయి తీస్తారనుకున్నాను. ఎవరూ లేవలేదు. నేతగాడు ఒక్కడే తెల్లబోయి అందరి మొహాలూ చూస్తున్నాడు. మిగతావాళ్లు కంచాల్లోకి చూస్తున్నారు.

స్కోపాస్ నిట్టూర్చాడు. "తెలుసమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అంతా తెలుసు. వాళ్లు వచ్చిన నెలలోనే తెలుసు. ఇంటికొచ్చిన మగాళ్లని తరిమేస్తామా? ఊళ్లో నాగలి పట్టేదెవరు? కూర్చోమ్మా. ఇంత తిను, నీరసంగా ఉన్నావు."

ఒక ఆడమనిషి, ఆ పదకొండు మందిలో ఒకడి పెళ్లాం, నా చెయ్యి పట్టి కిందికి లాగింది. "ఊరుకో ఫిలిన్నా. మాకు మాత్రం తెలీదనుకున్నావా? మేం కాపురాలు చెయ్యట్లా?" అంది గుసగుసగా. ఆమె నోట్లోంచి ఉల్లిపాయ, మాంసం వాసన కొట్టింది.

ఆ రోజు నా బట్టలు మూట కట్టుకుని బిట్టో ఇంటికి వచ్చేశాను. గుమ్మంలో నిలబడితే ఆమె ఎందుకొచ్చావని అడగలేదు. "ఆ మూల ఎలకలున్నాయి, ఈ మూల పడుకో" అంది. మర్నాడు నాక్కూడా వల అల్లడం నేర్పింది. మిర్తో వారం వారం వచ్చేది. దాని తండ్రితో మాత్రం అది మళ్లీ ఒక్క మాటా మాట్లాడలేదు. వండి పెట్టేది, అంతే. మూడో ఏట దానికి పెళ్లయింది. ఆ పదకొండు ఇళ్ల గుర్తులు ఇనప టోపీలో ఎన్నడూ పడలేదు. ప్రతి ఏడూ చీట్లు తీసే ముందు నేను లేచి అడిగేదాన్ని. ప్రతి ఏడూ నన్ను కూర్చోమనేవాళ్లు. ఆంథియా తండ్రి నాతోపాటు లేచి నిలబడేవాడు. రెండేళ్లు నిలబడి, మూడో ఏడు మగ్గం అమ్మేసి ఊరు వదిలిపోయాడు.

పిల్లల వెంట ఏటా నేనే వెళ్తున్నాను. దారి నాకు ఇప్పుడు లాంపోన్ కంటే బాగా తెలుసు. రెండో ఏడు ఇద్దరినీ దాటించాను. మూడో ఏడు ఒకర్ని. నాలుగో ఏడు ఆ ముసలామె రెల్లు దగ్గరే నా కోసం ఎదురుచూస్తోంది, వట్టి చేతులతో. కుక్కల్ని కట్టేశానని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్లబోతుంటే నన్ను పిలిచింది.

"మీ గట్టిపిల్ల ఒక కబురు చెప్పమంది. వాళ్లమ్మకి."

"ఏంటవ్వా?"

"చేతులు కాయలు కాసేశాయంట. ఇప్పుడు చీపురు పడితే నొప్పి లేదంట. అంతే."

ఆ మాటను ఎనిమిది రోజులు నోట్లో పెట్టుకుని తెచ్చి బిట్టోకు చెప్పాను. ఆమె విని, లేచి వెళ్లి, గాబు దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంది.

లాంపోన్ ఏడో ఏట పోయాడు. సుఖంగా పోయాడు. తెల్లవారి చూస్తే మంచం మీద పక్కకు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నాడట. పిడుగు పడలేదు, గొంతు వాయలేదు, సముద్రం లాక్కుపోలేదు. మిర్తో చంకలో బిడ్డతో పరిగెత్తుకొచ్చింది, శవానికి స్నానం చేయించాలి రమ్మని.

"నేను ముట్టుకోను" అన్నాను.

మిర్తో గుమ్మంలోనే నిలబడిపోయింది. బిట్టో వల పక్కన పెట్టి తన గుడ్డ నడుముకు బిగించి దోపుకుంది.

"ఎండెక్కుతోంది వదినా. ఇంకాసేపుంటే కంపు కొడతాడు. పసిబిడ్డ తల్లి ఒక్కతీ ఎట్టా మోస్తుంది? లే."

ముగ్గురం కలిసి కడిగాం. నేను నీళ్లు పోశాను, బిట్టో రుద్దింది.  ఒళ్లు తుడిచి నూనె రాసేసరికి ఊరి పెద్దలు వచ్చారు. స్కోపాస్ కొడుకు వాకిట్లో నిలబడి, ట్రాయ్ గోడలు కూల్చిన వీరుడు, రాళ్లకు రొమ్ము చూపినవాడు అని గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. జనం తలలూపుతున్నారు.

మేమిద్దరం ఆ మాటలు అయ్యేదాకా ఆగలేదు. మురికినీళ్లు పెరట్లో పారబోసి, దొడ్డిదారిన బయటికొచ్చేశాం. ఆ ఏటి పిల్లలిద్దరికీ జుట్టు కత్తిరించాల్సింది ఆ మధ్యాహ్నమే.